పిట్లంలో ఆరో మొక్క

జనవరి రెండవ వారంలో ఒక కుటుంబ పని మీద పిట్లం వెళ్లవలసి వచ్చింది. పని అనేకంటే బాధ్యత అనడం సబబు. మా చిన్నాయనను హైదరాబాదు వచ్చి ఉండేలా, అక్కడి ఇల్లు అమ్మేలా ఒప్పించమని ఆయన కుమారుడు, అంటే మా తమ్ముడు, నన్ను పంపాడు. "నా మాటైతే ఇనడు అన్నా, నీ మాట ఇంటడు" అన్నాడు. ఆ నమ్మకంతోనే బస్సెక్కాను.

సంగారెడ్డి దాటాక జోగిపేట, శంకరంపేట, నిజాంపేటల మీదుగా నాందేడ్ వైపు సాగిపోయే రహదారి అది. ఇప్పుడు నాలుగు వరుసల జాతీయ రహదారి, 161వ నంబరు. నా చిన్నతనంలో మా అమ్మ ఒడిలో కూర్చుని ఇదే దారిన వెళ్తుంటే ఎప్పటికీ పిట్లం రాదేమో అనిపించేది. ఇప్పుడు కునుకు తీసి లేచేసరికి ఊరు వచ్చేస్తోంది. తొందరగా చేరుతున్నాం కాని, దారిలో నాకు గుర్తున్న చెట్లు మాత్రం ఒక్కటీ కనిపించలేదు.

పిట్లం తెలంగాణ అంచున ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలో ఉండేది, ఇప్పుడు కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్. ఇంకా ముందుకు వెళ్తే మద్నూరు, అది దాటితే మహారాష్ట్ర. పడమటికి మళ్లితే కర్ణాటక ఎంతో దూరం లేదు. దగ్గరలోనే మంజీర మీద నిజాంసాగర్ ఉంది. 1923లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఈ పక్క పల్లెల్లో ఒకే ఇంట్లో తెలుగు, మరాఠీ కలిపి మాట్లాడేవారున్నారు. కన్నడం, ఉర్దూ మాటలు కూడా సందు చూసుకొని చొరబడతాయి. భాషలు ఇలా కలిసిపోయే ఊళ్లో పువ్వులను కలపాలని కూర్చున్న మనిషి ఒకడుండటం వింతేమీ కాదనుకుంటాను.

ఆ మనిషే మా చిన్నాయన. లెక్కల మాస్టారుగా పని చేసి రిటైరయ్యారు. వయసు 76.

గేటు తీసేసరికి మందారం మొక్కల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నారు. మెడలో భూతద్దం వేలాడుతోంది.

"వందనాలు చిన్నాయనా."

"వందనాలు బిడ్డా. ఏం, గిట్ల చెప్పకుండ వస్తివి? కూసో. ఆ తొట్టికి తగలకు, దానికి దారం కట్టిన."

చూస్తే నిజమే. కొన్ని పువ్వుల కాడలకు రంగు రంగుల దారాలు కట్టి ఉన్నాయి. కొన్నింటికి పలుచని గుడ్డసంచులు తొడిగి ఉన్నాయి. వాకిట్లో ఎర్ర మందారాలు, పసుపువి, ముద్దమందారాలు, గోడ మీదికి పాకిన కాగితపు పూల తీగ, రెండు గులాబీ పొదలు. మా చిన్నమ్మ ఉన్నప్పుడు ఈ వాకిలి ఇంకా పెద్దది. వీధి వెడల్పు చేసినప్పుడు ముందు భాగం పోయింది.

మరునాడు ఉదయం ఆయన పని దగ్గరుండి చూశాను. ఈ పత్రిక చదివే కుటుంబాలలో మందారం లేని వాకిలి అరుదు గనుక, చూసింది చూసినట్టు చెబుతాను. పిల్లలు కూడా ప్రయత్నించవచ్చు.

మందార పువ్వు నడుమ నుండి పొడుగాటి కాడ ఒకటి బయటికి వస్తుంది గదా. దాని చుట్టూ పసుపు పొడి అంటుకొని ఉన్న చిన్న చిన్న ముద్దలు మగభాగాలు. కాడ చివర గుండుసూది తలల్లా ఐదు బొడిపెలుంటాయి, అవి ఆడభాగం. చాలా రకాల మందారం పువ్వు పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది. కనుక పనంతా ఉదయమే కావాలి. చిన్నాయన తల్లిగా ఎంచుకున్న పువ్వు విచ్చుకుంటుండగానే పట్టకారుతో దాని పుప్పొడి ముద్దలను తీసేశారు. లేకపోతే తన పొడి తన మీదే పడుతుంది. తరువాత తండ్రిగా ఎంచుకున్న పువ్వును తుంచి తెచ్చి, దాని పొడిని ఆ ఐదు బొడిపెలకు మెల్లగా అద్దారు. గుడ్డసంచి తొడిగి, దారం కట్టి, నోటుబుక్కులో తేదీ రాశారు. ముందు తల్లి పేరు, తరువాత తండ్రి పేరు. అంతే.

"ఇంతేనా చిన్నాయనా?" అన్నాను.

"చేసుడు ఇంతే బిడ్డా. నిలుసుడే కష్టం" అన్నారు.

నిజం ఆ మాటలోనే ఉంది. అద్దిన పువ్వులలో అధిక భాగం రెండు మూడు రోజులలో కాడతో సహా రాలిపోతాయి. నిలిచినది పచ్చని కాయగా ఉబ్బుతుంది. అది ఎండి పగలడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఎండలు ముదిరితే కాయ నిలవదు. అందుకే మన ప్రాంతంలో ఈ పనికి చలికాలమే అనుకూలం. ముద్దమందారంలో పుప్పొడి ఇవ్వవలసిన భాగాలే రేకులుగా మారిపోతాయి కాబట్టి దానితో కలపడం మరీ కష్టం. ఒంటిరేకు మందారాలతో మొదలుపెట్టడం మంచిది. గింజ పైపొట్టు గట్టిది. దాన్ని కొద్దిగా గీకి, ఒక రాత్రి నానబెట్టి నాటితే వారం నుండి రెండు వారాలలో మొలుస్తుంది. మొలిచినది పూయడానికి ఏడాది, ఒక్కొక్కసారి రెండేళ్లు. పూసేదాకా ఏ రంగో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే మనం పెంచే మందారాలే ఎన్నో తరాలుగా కలుస్తూ వచ్చిన సంకరాలు. ఒకే కాయలోని పది గింజలు పది రకాలుగా పూయవచ్చు.

కొమ్మ నాటితే అలా కాదు. కొమ్మ నుండి వచ్చేది అదే మొక్క, అదే పువ్వు. తూర్పు గోదావరిలోని కడియం నర్సరీలనుండి మన ఊళ్లకు బండ్లమీద వచ్చే పూల మొక్కలలో చాలావరకు ఇలా కొమ్మలతో, అంట్లతో పెంచినవే. చిన్నాయన దీనిని లెక్కల మాస్టారు పద్ధతిలో రెండు ముక్కల్లో చెప్పారు. "కొమ్మతోని ఉన్నది నిలుస్తది. గింజతోని లేనిది వస్తది."

మనిషి చేతితో ఇలా రెండు వేరు వేరు మొక్కలను కలిపిన మొదటి వ్యక్తిగా చరిత్రలో నిలిచినవాడు లండనులోని హాక్స్టన్ తోటమాలి థామస్ ఫెయిర్‌చైల్డ్. 1717 ప్రాంతంలో ఆయన ఒక జాతి పువ్వు పొడిని మరొక జాతి పువ్వుకు అద్ది, రెంటికీ మధ్యస్థంగా ఉన్న మొక్కను పెంచాడు. అది విత్తనం పట్టలేదు. అందుచేత జనం దానికి కంచరగాడిద అని పేరు పెట్టారు. దేవుడు వేరు వేరుగా చేసిన వాటిని తాను కలిపానే అన్న బెదురు ఆయన మనసులో ఉండేదని చెబుతారు. 1729లో చనిపోతూ 25 పౌండ్లు షోర్డిచ్‌లోని సెయింట్ లియొనార్డ్స్ సంఘానికి వ్రాసి ఇచ్చాడు. ప్రతి సంవత్సరం పెంతెకొస్తు తరువాతి మంగళవారం నాడు సృష్టిలోని దేవుని అద్భుత కార్యాలను గూర్చి ఒక ప్రసంగం చేయించాలని ఆ వీలునామాలోని కోరిక. బెదురుతో పెట్టిన ఖర్చో, కృతజ్ఞతతో పెట్టినదో తెలియదు గాని, తోటమాలి సొమ్ముతో ప్రసంగం ఏర్పాటు కావడం ముచ్చటైన సంగతి.

మొక్కలలో రంగులు, ఎత్తులు ఒక లెక్క ప్రకారం తరాలు మారుతాయని కనిపెట్టినవాడు కూడా ఒక మఠంలోని సన్యాసే. గ్రెగర్ మెండెల్ బఠానీలతో చేసిన పనిని 1866లో ప్రచురించాడు. బ్రతికి ఉండగా దానిని పట్టించుకున్నవారు బహు కొద్దిమంది.

మన దేశంలో ఈ పనికి పేరు తెచ్చినవారు లేకపోలేదు. గోధుమ వంగడాలతో రైతుకు మేలు చేసిన డాక్టర్ బెంజమిన్ పియరీ పాల్ సెలవు వేళల్లో గులాబీలను సంకరపరచి కొత్త రకాలెన్నో ఇచ్చారు. 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ ఆయనే. మన రాష్ట్రానికి దగ్గరి సంబంధమున్న మరొకరు ఎం.ఎస్. వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ కేడరు ఐ.ఎ.ఎస్. అధికారిగా ఉండి, గులాబీల కోసం ఉద్యోగాన్ని ముందుగానే విరమించి, భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు. ఆయన ఆలోచన సూటియైనది. కొత్త గులాబీలలో ఎక్కువ భాగం చలిదేశాల్లో, అక్కడి మంచుకు తట్టుకునేలా తయారైనవి. మన ఎండకు అవి డీలాపడతాయి. అలాంటప్పుడు మన దేశపు అడవి గులాబీలనే తల్లిదండ్రులుగా ఎందుకు వాడకూడదు? అందుకని సర్ జార్జి వాట్ 1882లో మణిపూర్ కొండలలో చూసిన పెద్ద అడవి గులాబీని, వెచ్చని పల్లపు నేలల్లో నీటి ఒడ్డున పెరిగే మరో అడవి గులాబీని తెచ్చి తోటగులాబీలతో కలిపారు. అలా వచ్చిన వాటిలో ఒకదానికి సుప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు.

ఇటువంటివారు ఏటా ఎన్నో గింజలు మొలిపించి, పువ్వు చూసి, బాగులేనిదాన్ని పీకి పారేస్తారు. ఒక్కటి నిలవడానికి ఎన్నో పోవాలి. ఆ పనికి కొంచెం గట్టి మనసు కావాలి. మా చిన్నాయనకు అంత జాగా లేదు, అంత గట్టి మనసూ లేదు. ఆయన పని ఒక తెల్ల మందారంతో మొదలైంది.

మా అమ్మా, చిన్నమ్మా మెదకులో పుట్టి పెరిగినవారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఆ మహాదేవాలయపు శిఖరం కనిపించేంత దూరంలోనే మా అమ్మమ్మ ఇల్లు. వాకిట్లో తెల్ల మందారం ఉండేది. పెళ్లిళ్లయ్యాక అక్కచెల్లెళ్లిద్దరూ చెరొక కొమ్మ తీసుకొని అత్తవారిళ్లకు వెళ్లారు. చిన్నమ్మది పిట్లంలో బతికింది. దాని పక్కనే చిన్నాయన ఎర్ర మందారం నాటారు. "గిన్ని ఏండ్ల సంది పక్కపక్కనే ఉన్నయి, ఒక్క కాయన్న కాయవేంది?" అని చిన్నమ్మ నవ్వుతుండేదట. అది విని ఆయన పుస్తకాలు చదివి, పొడి అద్దడం మొదలుపెట్టారు. ఆమె ఉన్నన్నాళ్లు ఒక్క కాయా నిలవలేదు.

రెండున్నరేళ్ల క్రితం వానాకాలంలో చిన్నమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆ చలికాలం ఆయన 40 పువ్వులకు పొడి అద్దారు. 3 కాయలు నిలిచాయి, రెండు మధ్యలో రాలాయి. మిగిలిన ఒక్క కాయలో 14 గింజలు. 9 మొలిచాయి. మూడింటికి మెడ కుళ్లింది. 6 మిగిలాయి. ఇవన్నీ నోటుబుక్కులో వరుసగా రాసి ఉన్నాయి.

ఆ ఎండాకాలంలోనే వీధి వెడల్పు పని వచ్చింది. తెల్ల మందారం గోడతో పాటు పోయింది. ముందుగా 12 కొమ్మలు కోసి నాటారు గాని, మే నెల ఎండలో ఒక్కటీ నిలవలేదు.

ఆరు మొక్కలలో నాలుగు తండ్రిలాగే ఎర్రగా పూశాయి. ఐదవది వెలిసిన గుడ్డలాంటి గులాబి రంగు. ఆరవది మాత్రం రెండేళ్లు కావస్తున్నా పూయలేదు. అది పూసేదాకా ఆయన ఊరు కదలరని ఆ రాత్రి అన్నం దగ్గర అర్థమైంది.

"చిన్నాయనా, తమ్ముడు బాధపడుతున్నాడు. ఒంటరిగా ఎన్నాళ్లు ఉంటారు? రాత్రి పూట ఏమైనా అయితే ఎవరున్నారు?" అన్నాను.

ఆయన జవాబు చెప్పలేదు. గిన్నె నా వైపు జరిపి, చాలాసేపటికి, "బిడ్డా, ఒక మాట అడగాలనుకుంటున్న. మీ అమ్మ గుడ తెల్లమందారం కొమ్మ తీస్కపోయింది గద. మీ ఇంట్ల ఉన్నదా?" అన్నారు.

నా చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. మా ఇంట్లో ఆ చెట్టు ఉండేది. అమ్మ పోయిన తరువాత, కారు పెట్టుకోవడానికి జాగా చాలడం లేదని నేనే దగ్గరుండి కొట్టించాను. ఆ రోజున అది నాకొక అడ్డంగానే కనిపించింది.

"లేదు చిన్నాయనా. ఎనిమిదేండ్లయింది. నేనే తీయించాను."

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. "అడుగుదమనే అనుకుంట ఉంటి, ఫోన్ల ఎందుకని ఊకున్న" అన్నారు. అంతే. రెండేళ్లుగా ఆ ఆశ పెట్టుకుని ఉన్న మనిషికి నేను తెచ్చిన వార్త అది. ఇక ఇల్లు అమ్మే సంగతి ఏ మొహంతో ఎత్తను?

మరునాడు పొద్దున తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే వాకిట్లో నుంచి పిలిచారు. ఆరో మొక్కకు కొమ్మ చివర ఒక మొగ్గ. చాలా రోజులుగా దానిని చూస్తున్నారట, రాలిపోతుందేమోనని నాకు చెప్పలేదట. రేపు విచ్చేలా ఉంది. పచ్చని తొడిమలోనుంచి కొస మాత్రం కనిపిస్తోంది. తెలుపు.

"తెల్లగుంది చిన్నాయనా!"

"రంగు చెప్పకు. తెల్లారనియ్యి" అన్నారు. కాని ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగా లేదు.

ప్రయాణం ఒక రోజు వాయిదా వేశాను. ఆ రాత్రి మేమిద్దరం సరిగ్గా నిద్రపోలేదు. ఆయన రెండుసార్లు టార్చిలైటు పట్టుకుని బయటికి వెళ్లి రావడం విన్నాను.

తెల్లవారింది. మంచు తేమలో పువ్వు నెమ్మదిగా విచ్చుకుంది. తెలుపు కాదు. రేకుల అంచులు మాత్రం తెల్లన, లోపలికి పోను పోను లేత గులాబి, నడుమ ఎర్రని కన్ను. రేకులు విడివిడిగా, మధ్యలో సందులు ఉన్నాయి. పూలు పెంచేవారి లెక్కలో అది తప్పు.

చిన్నాయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తరువాత నోటుబుక్కు తీసి, "6వ మొక్క. రంగు లేత గులాబి. కన్ను ఎరుపు. రేకులు విడివిడి. విశేషం లేదు" అని రాశారు. రాసి, నవ్వారు.

"కడియం బండి మీద గింతకన్న మంచియి దొరుకుతయి బిడ్డా."

"మరి తీసేస్తారా? నియమం అదే అన్నారు గదా?"

"ఆ నియమం ఎన్నెన్నో మొక్కలున్నోళ్లది. నాకు ఉన్నయే ఆరు." కొంచెం ఆగి అన్నారు, "తెల్లది మళ్ల రాదని నాకెరికె. దీన్ని దీంతోనే కలిపినా, అన్నదమ్ములతోని కలిపినా, తెలుపు వస్తే రావచ్చు గని అదే చెట్టు రాదు. అయినా చూడు, గా అంచు మీ చిన్నమ్మదే."

నేను చూశాను. నాకు పువ్వుల సంగతి అంతగా తెలియదు. అయినా ఆ తెల్లని అంచు, అమ్మమ్మ వాకిట్లో నేను చూసిన తెలుపే అనిపించింది.

బస్సు వేళకు నేను అడిగాను, "చిన్నాయనా, దీని కొమ్మ ఒకటి ఇస్తారా? ఆ చెట్టు ఉన్న చోటనే నాటుతాను. కారు బయట పెట్టుకుంటాను."

వెంటనే ఇస్తారనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఒక్కటే మొక్క, ఇప్పుడు కొమ్మ కోస్తే దెబ్బ తింటది. వానకాలం రా. గాలి అంటు కడదం. కొమ్మ మీద బెరడు ఉంగరం లెక్క తీసి, తడి పీచు పెట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టాలె. వేర్లు దిగేటందుకు నెలన్నర పడ్తది. అప్పుడొచ్చి కోస్కపో."

"అంటే రెండుసార్లు రావాలన్నమాట."

"లెక్క నీకు బాగనే వచ్చు" అన్నారు లెక్కల మాస్టారు.

ఇంటికి వచ్చి తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రావడం లేదని, ఇల్లు ఇప్పట్లో అమ్మవద్దని, మనమే నెలకొకసారి వంతు వేసుకొని వెళ్లాలని. మొదట కినుక వహించాడు. నన్ను పంపినది ఒప్పించడానికి గదా, నేనే ఒప్పుకుని వచ్చానని అతని బాధ. ఫిబ్రవరిలో తను వెళ్లివచ్చాడు. రాత్రి పూట తోడుగా పడుకోవడానికి పక్కింటి అబ్బాయిని మాట్లాడి వచ్చాడు. ఆ సంగతి నాకు ఫోనులో చెప్పి, చివరన, "అన్నా, ఆ ఆరో మొక్కకు ఇంకో రెండు మొగ్గలున్నయి" అన్నాడు.

జూలైలో వెళ్లి అంటు కట్టించాను. సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ వెళ్లి, వేర్లు దిగిన కొమ్మను తడిగుడ్డలో చుట్టుకొని, మా అమ్మలాగే ఒడిలో పెట్టుకొని, పిట్లం నుండి బస్సులో తెచ్చుకున్నాను. అది మా ఇంటి ముందు నాలుగు ఆకులు వేసింది. కారు వీధిలో ఉంటోంది.

పాఠకులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలని మనవి. మీ ఇంట్లో అమ్మ నాటినదో, అమ్మమ్మ ఇచ్చినదో పూలచెట్టు ఉండి, ఏ కారణంచేతనైనా దానిని తీయవలసి వస్తే, ఒక వానాకాలం ఆగండి. ఒక కొమ్మ అంటు కట్టి ఎవరికైనా ఇచ్చి, ఆ తరువాతనే గొడ్డలి పట్టండి. నెలన్నర పని అది. నేనా పని చేయలేదు.